ఆమెకు చెప్పు

నాకు కోపం ఎక్కువని మౌలాలి రైల్వే కాలనీ మొత్తం అంటుంది. శుద్ధ అబద్ధం. నాకు కోపం రాదు, తెప్పిస్తారు. ఇరవై ఎనిమిదేళ్ల రైల్వే వర్క్‌షాప్ సర్వీసులో నేను ఎవరినీ ఊరికే ఒక్క మాట అనలేదు. అన్న ప్రతిదానికీ కారణం ఉంది, కావాలంటే తేదీలతో సహా చెప్తాను.

అందుకే మా కాలనీ నాటక సంఘం వాళ్లు ఈసారి నాకు దుర్మార్గుడైన దొర వేషం ఇచ్చినప్పుడు అందరూ పడీపడీ నవ్వారు. "రాజేందరన్నకు మేకప్ సుత అక్కర్లే," అన్నాడు జెరెమియా. అతను లోకో ఇన్‌స్పెక్టర్, మా నాటకంలో తెల్లదొర. నేను మాత్రం నవ్వలేదు. పద్దెనిమిదేళ్లుగా సంఘంలో నాకు దక్కినవన్నీ భటుడి వేషాలే. బల్లెం పట్టుకుని నిలబడటం, "చిత్తం ప్రభూ" అని పక్కకు తప్పుకోవడం. ఒకసారి దయ తలచి "ప్రభూ, కోట తలుపులు పగిలాయి" అనే డైలాగ్ ఇచ్చారు. సరిగ్గా అప్పుడే మైకు చచ్చిపోయింది. ఇన్నాళ్లకు ఒక అసలైన వేషం దొరికింది, అదీ రైల్వే డివిజన్ నాటక పోటీల్లో. ప్రదర్శన ఆదివారం సాయంత్రం.

నాటకం పేరు 'గుర్రాల బీడు'. రాసింది, ఆడించేది సత్యదేవ్. సిగ్నల్ డిపార్ట్‌మెంట్‌లో ఇంజినీరు. వాళ్ల నాన్న కాలంలో కాకినాడ నుంచి వచ్చి యాప్రాల్‌లో ఇల్లు కట్టుకున్నారు. కథ చిన్నదే. సికింద్రాబాద్‌లో తెల్లవాళ్ల దండు పెరుగుతున్న రోజులు. వాళ్ల గుర్రాలకు మేత బీడు కావాలి. రంగరాయ భూపాల్ అనే దొర, తెల్లవాళ్ల మెప్పు కోసం ఒక ఊరి చేలన్నీ రాసిచ్చేస్తాడు. లచ్చమ్మ అనే రైతు మనిషి కోటలాంటి దొర గడికి వచ్చి, నా చేను ఒక్కటి వదిలెయ్యి అని మొత్తుకుంటుంది. దొర వదలడు. ఆ దొర నేనే. లచ్చమ్మ మా పక్క క్వార్టర్‌లో ఉండే నర్సు నాగజ్యోతి.

అంతా సవ్యంగానే నడిచేది, మా ప్రాంప్టర్‌కు కంటి ఆపరేషన్ పడకపోయి ఉంటే. పక్క తెర వెనక నిలబడి, మరిచిపోయిన వాళ్లకు మెల్లగా మాట అందించే మనిషి లేకపోతే మా నాటకం అడుగు ముందుకు పడదు. మేమంతా డ్యూటీలు చేసుకుంటూ డైలాగులు బట్టీపట్టేవాళ్లం. సత్యదేవ్ కాలనీ అంతా వెతికి చివరికి ఎవరిని తెచ్చాడు? మా సృజనను. నా కూతురిని. ఐదు నెలలుగా నేను ఒక్క మాట మాట్లాడని మనిషిని.

ఎందుకు మాట్లాడలేదో కూడా చెప్తాను, దాచేదేముంది. బీటెక్ అయ్యాక బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో నేనే చేర్పించాను. తను చడీచప్పుడు లేకుండా రైల్వే పరీక్ష రాసి, అసిస్టెంట్ లోకో పైలట్‌గా సెలెక్టయింది. ఆ సంగతి నాకు ఎవరి నోట తెలిసింది? జెరెమియా నోట. క్యాంటీన్‌లో, పదిమంది ముందు, "మిఠాయి ఎప్పుడన్నా? బిడ్డ ఇంజినెక్కుతున్నదట గదా!" అన్నాడు. నేను తెలిసినట్టే నవ్వాను. చాయ్ సగంలో వదిలేసి ఇంటికొచ్చాను.

"నన్ను అడగాలని అనిపియ్యలేదా?" అన్నాను సృజనతో.

"అడిగితే వద్దంటవని తెల్సు డాడీ," అంది.

అంతే. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంజిన్ డ్యూటీ ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. వేళాపాళా లేని తిండి, అర్ధరాత్రి పిలుపులు, పట్టాల మీద ఎప్పుడు ఏం చూడాల్సి వస్తుందో తెలియదు. ఆ భయం ఉంది, కాదనను. కానీ నిజం చెప్పాలంటే ఆ భయం కంటే పెద్దది ఇంకొకటి. నన్ను అడగలేదు. ఆ రోజు నుంచి నేను నోరు కుట్టేసుకున్నాను.

అలాగని ఇంట్లో పనులేమీ ఆగలేదు. నా భార్య సుమిత్ర ఉంది కదా. "ఆమెను అన్నం తినుమను." "ఆమెకు చెప్పు, ఫ్యాను బంద్ చెయ్యుమని." "ఆమెను అడుగు, ఎన్ని గంటలకు వస్తదో." సృజన అక్కడే, మూడడుగుల దూరంలో ఉండేది. మొదట్లో తను మాట్లాడేది. డాడీ చాయ్ తాగుతవా, డాడీ నీ కండ్లద్దాలు ఇక్కడున్నయ్, అని. నేను గోడ మీది క్యాలెండర్ చూసేవాణ్ని. రెండో నెలలో తను కూడా మానేసింది.

ఇప్పుడు ట్రైనింగ్ అయిపోయింది. సోమవారం పొద్దున రైలెక్కి వెళ్లి కాజీపేటలో డ్యూటీలో చేరాలి. అక్కడే గది తీసుకుంది. అంటే ఆదివారం దాటితే ఇక ఇంట్లో ఉండదు. ఈలోపు ఎవరో ఒకరు మాట్లాడకపోతే, మాట్లాడకుండానే వెళ్లిపోతుంది. ముందు తనే మాట్లాడాలని నా పట్టు. పెద్దవాణ్ని కదా! ఆ మాట పట్టుకుని వారం రోజులుగా ఇంట్లో నిలకడ లేకుండా తిరుగుతున్నాను. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎటు వెళ్లాలో తోచదు. గేటు దాకా వెళ్లి తిరిగొచ్చేవాణ్ని.

బుధవారం రిహార్సల్లో నేను విజృంభించాను. లేని మీసం తిప్పాను, నేలను తన్నాను, కమ్యూనిటీ హాల్ అద్దాలు అదిరేలా వికటాట్టహాసం చేశాను. "ఓసీ! ఎవరి ముందు నోరెత్తుతున్నావో తెలుసా?" అని నాగజ్యోతి మీదికి వెళితే, పాపం ఆమె నిజంగానే రెండడుగులు వెనక్కి వేసింది. నాకు చాలా తృప్తిగా అనిపించింది.

సత్యదేవ్ తల పట్టుకుని కూర్చున్నాడు. "రాజేందర్ గారూ, మీరు కోప్పడుతున్నారండీ."

"దొర కదా సార్, కోప్పడడా?"

"నాకు కోపం వద్దండీ బాబూ. పొగరు కావాలి. కోపం వచ్చిందంటే ఎదుటి మనిషి మీ కంటికి ఆనినట్టే కదా. లచ్చమ్మ దొర కంటికి ఆనకూడదు. అక్కడో మనిషి నిలబడి ఉందన్న సంగతే ఆయనకి పట్టకూడదు."

నాకు ఒళ్లు మండింది. "చేసి చూపియ్యున్రి మరి," అన్నాను.

"నాకు వస్తే నేనే వేసేవాణ్ని కదండీ. రేపటి దాకా చూస్తాను. కుదరకపోతే ఏదో తంటాలు పడి ఆ వేషం నేనే కట్టుకుంటాను, ఏమీ అనుకోకండి." మర్యాదగానే అన్నాడు. ఆ మర్యాదతోనే నాకు ఇంకా మండింది.

గురువారం వర్క్‌షాప్‌లో చేతులు పని చేస్తున్నాయి కానీ మనసు నిలవలేదు. బోల్టులు బిగిస్తూ డైలాగులు చెప్పుకున్నాను. పక్కవాడు "ఏందన్నా, తబియత్ బాగలేదా?" అని అడిగితే కసిరాను. పద్దెనిమిదేళ్లు బల్లెం పట్టుకున్నవాడికి మళ్లీ ఆ బల్లెమే చేతికిస్తారా అని ఒకటే గుబులు. సాయంత్రం ఐదింటికి అందరికంటే ముందు హాల్‌కు వెళ్లి అటూ ఇటూ తిరుగుతూ ఉన్నాను. సృజన వచ్చింది. జుట్టులో పెన్సిల్ గుచ్చుకుని, స్క్రిప్టు పట్టుకుని ఎడమ పక్క తెర వెనక నిలబడింది. నేను కిటికీ వైపు చూశాను.

గడి సీను మొదలైంది. నాగజ్యోతి కొంగు చాచి నిలబడింది. నాకు రెండో డైలాగ్ గుర్తు రాలేదు.

"ఈ నేల..." అని తెర వెనక నుంచి మెల్లగా వినిపించింది.

నేను విననట్టే నిలబడ్డాను. తన దగ్గర మాట అందుకోవడమేమిటి? ఐదు నెలలు నిలబెట్టుకున్న పంతం ఒక్క డైలాగుకు పోగొట్టుకుంటానా?

"ఈ నేల నాది..." మళ్లీ వినిపించింది, ఈసారి కొంచెం గట్టిగానే.

నేను అటు తిరగను కూడా తిరగలేదు. ఎదురుగా ఉన్న సత్యదేవ్‌తో అన్నాను. "ఆమెకు చెప్పున్రి సార్, జెర గట్టిగ చెప్పుమని. వినబడాలె గదా."

సత్యదేవ్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "అదీ! అదండీ! ఇప్పుడెలా అన్నారో మళ్లీ అలా అనండి!"

"ఏమన్న?"

"ఆమెకు చెప్పు అన్నారు చూడండి! అమ్మాయి అక్కడే ఉంది, మీరు నాతో చెప్పారు. అటు చూడను కూడా లేదు. ఆ గొంతులో కోపం లేదు, విసుగు లేదు, అసలు ఏమీ లేదు. అమ్మ బాబోయ్, అదే దొర! ఎక్కడ పట్టారండీ దాన్ని?"

సత్యదేవ్ పాపం యాప్రాల్ నుంచి వచ్చిపోయే మనిషి, మా ఇంటి సంగతి అతనికి తెలియదు. కాలనీ వాళ్లకు తెలుసు. నాగజ్యోతి చాచిన కొంగు అలాగే పట్టుకుని నేల చూసింది. జెరెమియా తన పసుపుపచ్చ విగ్గును తీసి మళ్లీ పెట్టుకున్నాడు. నా చెవులు వేడెక్కాయి.

సత్యదేవ్‌కు మాత్రం పూనకం వచ్చినట్టుంది. అక్కడికక్కడే సీను మార్చేశాడు. దొర పక్కన మున్షీ అని ఒక గుమాస్తా ఉంటాడు, ఆ వేషం తనే వేస్తాడు. దొర లచ్చమ్మతో ఒక్క ముక్క కూడా మాట్లాడడు, ప్రతిదీ మున్షీతోనే అంటాడు. ఆమెకు చెప్పు, ఈ నేల నాదని. ఆమెకు చెప్పు, పొద్దుగూకేలోగా ఖాళీ చెయ్యమని. ఆమెకు చెప్పు, ఏడిస్తే బయట ఏడవమని. "రాసుకోమ్మా సృజనా," అన్నాడు ప్రతి మార్పుకూ. తను జుట్టులోంచి పెన్సిల్ తీసి రాసుకుంటూ పోయింది. తల ఎత్తలేదు. హాలు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, పెన్సిల్ గీతలు నాకు వినిపించాయి.

ఒకచోట తను వెనకబడింది. "ఆమెను రాసుకొమ్మనున్రి, తొందర లేదు," అన్నాను నేను. అనేశాక నాలుక కరుచుకున్నాను.

"అబ్బ! ఇది కూడా పెట్టేద్దామా?" అన్నాడు సత్యదేవ్.

ఆ సాయంత్రం నేను ఇంటికి తిన్నగా వెళ్లలేదు. దర్గా గుట్ట చుట్టూ, కమాను దాకా, మళ్లీ వెనక్కి, కాళ్లు పీకేదాకా తిరిగాను. నేను దొరనా? నేనా? మా తాత ముత్తాతలు దొరల గడుల ముందు చెప్పులు విప్పి చేతిలో పట్టుకున్నవాళ్లు! మా నానమ్మ విజయమ్మ చెప్పేది. ఒకసారి ఆమె తన ఎద్దును విడిపించుకోవడానికి దొర ముందు నిలబడితే, ఆయన పక్కనున్న గుమాస్తాను అడిగాడట, "అదేమంటున్నది?" అని. "నేను అక్కడ ఉన్ననో లేనో అని నన్ను నేనే గిల్లుకొని చూసుకున్నరా," అనేది. ఆ కథను సృజన చిన్నప్పుడు నేనే ఎన్నోసార్లు చెప్పాను. ఆ దొరను సృజన బండబూతులు తిట్టేది, నేను నవ్వేవాణ్ని.

ఇంటికి వచ్చి సుమిత్రతో అన్నాను, సత్యదేవ్ నన్ను ఇట్లా అన్నాడు, నాకు ఈ వేషమే వద్దు, నాతోని కాదు అని. సుమిత్ర చిక్కుడుకాయలు తుంచుతూ కూర్చుని ఉంది. "ఎందుకు గాదు? ఐదు నెల్ల సంది ఇంట్ల రిహార్సల్ చేస్తనే ఉన్నవ్ గదా," అంది.

అరికాలి మంట నెత్తికెక్కింది. ఏదో అనబోయాను. వెళ్లి స్నానం చేశాను.

శుక్రవారం సీను అద్భుతంగా వచ్చింది. నేను చేసిందేమీ లేదు, ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడాను. అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకున్నకొద్దీ నాకు లోపల ఏదో తేలు పాకుతున్నట్టుండేది. సత్యదేవ్ ముగింపు కూడా మార్చాడు. చేలు చేతికొచ్చాక తెల్లదొరకు రంగరాయ భూపాల్‌తో పనేముంది? తెల్లదొర కూడా తన దుబాసీతోనే మాట్లాడతాడు. ఆయనకు చెప్పు, ఇక వెళ్లమని. దొరకు గడి పోతుంది, నౌకర్లు పోతారు, చివరికి మున్షీ కూడా పారిపోతాడు. ఒంటరిగా కూలబడ్డ దొర ముందు నుంచి లచ్చమ్మ నీళ్ల బిందెతో వెళుతుంది.

"అప్పుడు మీరు అలవాటు కొద్దీ ఎడమ పక్కకి తిరుగుతారండీ, మున్షీ నిలబడే చోటుకి. 'ఆమెకు చెప్పు, దాహంగా ఉందని' అంటారు. అక్కడెవరూ ఉండరు. లచ్చమ్మ ఆగదు. తెర," అన్నాడు సత్యదేవ్.

ఎడమ పక్క తెర వెనక ఉండేది ఎవరు? సృజన. "కుడి దిక్కు తిరిగితే నడవదా సార్?" అన్నాను.

"మున్షీ నాటకమంతా ఎడం పక్కనే ఉన్నాడు కదండీ! రాసుకోమ్మా."

శనివారం పొద్దున్నే సృజన సామాను సర్దుకుంటోంది. మంచం మీద యూనిఫాం, నల్ల బూట్లు, టార్చి. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను, వెళ్లాను, మళ్లీ వచ్చాను. బోయిన్‌పల్లి దాకా బండి వేసుకుని వెళ్లి ఒక మంచి స్టీలు ఫ్లాస్కు కొన్నాను. ఇంజిన్‌లో చాయ్ దొరకదు కదా. తెచ్చి వంటింట్లో సుమిత్ర చేతికి ఇచ్చాను.

"ఇది ఆమెకియ్యి. ఆమెకు చెప్పు, మూత జెర బిగువుగ తిప్పుమని."

సుమిత్ర ఫ్లాస్కును తిరిగి నా చేతిలోనే పెట్టింది. "నువ్వే ఇయ్యి. నువ్వే చెప్పు. నేను మున్షీని గాదు."

"సుమిత్రా, పరేషాన్ చెయ్యకు."

"ఐదు నెల్ల సంది నేను పరేషాన్ అయితున్న. అటు మోసుడు, ఇటు మోసుడు. ఎల్లుండి పిల్ల పోతది. ఇగ నాతోని కాదు." కళ్లు తుడుచుకుని పొయ్యి వైపు తిరిగింది. నేను ఫ్లాస్కును ఫ్రిజ్ మీద పెట్టి బయటకు వచ్చేశాను. సాయంత్రానికీ అది అక్కడే ఉంది.

ఆదివారం. సికింద్రాబాద్‌లో పెద్ద హాలు, నిండా జనం. షేర్వానీ, తలపాగా, వేళ్లకు ఉంగరాలు పెట్టుకుని గ్రీన్‌రూంలో కూర్చోలేక నిలబడలేక సతమతమయ్యాను. మా సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. తెర లేచే ముందు ప్రాంప్టర్ స్క్రిప్టు పట్టుకుని నిలబడితే, ఒక్కొక్కరూ వచ్చి దాన్ని తాకి కళ్లకద్దుకుని వెళతారు. మా అందరి మాటలూ ఆ కాగితాల్లోనే ఉంటాయి కదా. సృజన స్క్రిప్టు పట్టుకుని నిలబడింది. నాగజ్యోతి కళ్లకద్దుకుంది. తెల్లదొర జెరెమియా కూడా గుండెల మీద సిలువ గీసుకుని కళ్లకద్దుకున్నాడు. నా వంతు వచ్చింది. నేను తాకాను. తన వేళ్లు అటు పక్క అంచున ఉన్నాయి, పెన్సిల్ మసి అంటుకుని. ఆల్ ది బెస్ట్ అని అందరికీ చెప్పింది. నా దగ్గరకు వచ్చేసరికి నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది.

నాటకం అమోఘంగా నడిచింది, నా గొప్ప నేను చెప్పుకోకూడదు కానీ. గడి సీనులో నేను గొంతు పెంచలేదు. గోళ్లు చూసుకుంటూ, మున్షీతో మాట్లాడుతూ పోయాను. హాలు గప్‌చుప్. "ఆమెకు చెప్పు, ఏడిస్తే బయట ఏడవమని" అన్నప్పుడు ముందు వరసలోంచి ఒక ముసలామె "వీని నోట్ల మన్నువడ!" అంది, అందరికీ వినపడేట్టు. పద్దెనిమిదేళ్లు ఎదురుచూసిన బహుమతి అదే. అయినా నాకు సంతోషం కలగలేదు. ఆ తిట్టు దొరకు తగిలిందో నాకు తగిలిందో తెలియలేదు.

చివరి సీను వచ్చింది. నేను కూలబడ్డాను. కుడి వైపు నుంచి లచ్చమ్మ బిందెతో వచ్చింది. నేను ఎడమ పక్కకు తిరిగాను. మున్షీ లేడు. తెర చాటున సృజన ఉంది. స్క్రిప్టు మీద వేలు పెట్టుకుని నన్నే చూస్తోంది.

"ఆమెకు చెప్పు..." అన్నాను.

అంతటితో ఆగిపోయాను. మరిచిపోయాననుకునేరు, నాకు మాట గుర్తుంది. నోటికి రాలేదు. రేపు పొద్దున తను వెళ్లిపోతుంది. ఎవరితో చెప్పమంటున్నాను? ఎవరికి చెప్పమంటున్నాను?

"దాహంగా ఉందని," అని అందించింది సృజన. "దాహంగా ఉందని... దాహం..." మెడ ముందుకు చాచి, పెదాలు కదిలిస్తూ మళ్లీ మళ్లీ అందిస్తోంది. ముఖంలో కోపం లేదు, పంతం లేదు. నేను అందరి ముందు ఎక్కడ అభాసుపాలవుతానో అన్న కంగారు ఒక్కటే ఉంది. నా కోసమే ఆ కంగారు. ఐదు నెలల్లో తన ముఖం నేను తిన్నగా చూడటం అదే మొదలు. చిక్కిపోయింది. నాకు దుఃఖం ముంచుకొచ్చింది.

"దాహమైతున్నది, బిడ్డా," అన్నాను.

తనతోనే అన్నాను. తన కళ్లలోకి చూసి అన్నాను. పెన్సిల్ కింద పడింది. ఆగకుండా వెళ్లిపోవాల్సిన నాగజ్యోతి ఏం చెయ్యాలో తెలియక బిందెతో అలాగే నిలబడిపోయింది. జనం దొర మారిపోయాడనుకున్నారు. ఒకటే చప్పట్లు. తెర పడింది.

సత్యదేవ్ మున్షీ టోపీ చేత్తో పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "కొంప ముంచారండీ! దొర మారకూడదండీ! వాడు చివరి దాకా మారకూడదు, అదే కదా నాటకం! బిడ్డా ఏంటండీ, బిడ్డా! లచ్చమ్మ మీకు బిడ్డేంటి?" ఉత్తమ ప్రతినాయకుడి బహుమతి వేరే సంఘానికి పోయింది, మా దొర చివర్లో మెత్తబడ్డాడట. దాని మీద నేను ఇంకోరోజు తీరిగ్గా కోప్పడతాను. అప్పుడు మాత్రం నాకేమీ వినపడలేదు. సుమిత్ర హాల్లోంచి వెనక మెట్లెక్కి వచ్చింది. సృజన పెన్సిల్ తీసుకుని తెర వెనక నుంచి బయటకు వచ్చింది. ముక్కు ఎర్రబడి ఉంది.

నా వైపు చూడకుండా వాళ్లమ్మతో అంది. "మమ్మీ, ఆయనకు చెప్పు, డైలాగ్ తప్పు చెప్పిండని."

సుమిత్ర చేతులు కట్టుకుని పైన లైట్లు చూస్తూ నిలబడింది. మూడడుగుల దూరంలో నేనున్నాను, షేర్వానీలో, చెమటతో, పెట్టుడు మీసం సగం ఊడి. నానమ్మ తనను తాను ఎందుకు గిల్లుకుందో అప్పుడు తెలిసింది.

"నాకే చెప్పు," అన్నాను.

సృజన వచ్చి నా పక్కన నిలబడి, స్క్రిప్టు తెరిచి, చివరి పేజీలో చివరి లైను మీద వేలు పెట్టింది.

"ఈడ 'బిడ్డా' అని లేదు, డాడీ."

"రాసుకో," అన్నాను.